గుర్రం ఎటు చూస్తోంది?

పోయిన వారం మనం టైలర్‌ని కత్తెర చేతబట్టుకుని, కొయ్యాల్సిన బట్టకేసి కాకుండా గోడకేసి చూస్తుండగా వదిలిపెట్టాం. ఇంకా అలాగే చూస్తున్నాడు. కడుపులో రగులుతున్నది అలాంటిది మరి.

జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం. చదరంగం క్లబ్బులో కిటికీ పక్కనున్న ఒకటో బల్ల కుర్చీ ఎన్నో ఏళ్లుగా టైలర్‌ది. బయటి క్లబ్బులతో తలపడేటప్పుడు అందరికన్నా గట్టివాడు కూర్చునే చోటది. ఈసారి ఆ కుర్చీకి తోడల్లుడు ఎసరు పెట్టాడు. టైలర్ భార్యకు సొంత అక్క మొగుడు, డ్రైవింగ్ స్కూలు నడిపే మనిషి. మూడు ఆటలాడి తేల్చుకోమన్నారు. మొదటి ఆటలో టైలర్, బుద్ధెరిగాక ఎప్పుడూ ఆడని కొత్త ఓపెనింగ్‌తో, అంటే ఆట మొదలుపెట్టే ఎత్తుల వరసతో, దిగాడు. ఇంట్లో తలుపు వేసుకుని తయారుచేసుకున్నది. డ్రైవింగ్ మాస్టారు గడ్డం కూడా గోక్కోకుండా, ఇంటికొచ్చి చెప్పులు విడిచినంత తేలిగ్గా, జవాబు మీద జవాబు చెప్పి చిత్తు చేశాడు. రెండో ఆటను టైలర్ నల్లపావులతో ఎలాగో గుంజుకొచ్చాడు. చెరొకటి అయింది. తేల్చే ఆట రేపు పొద్దున్న. టాస్‌లో తెల్లపావులు టైలర్‌కే వచ్చాయి, అంటే మొదటి ఎత్తు అతనిదే.

ఏ ఎత్తు? చిక్కంతా అక్కడే ఉంది.

చదరంగంలో మొదటి ఎత్తును మనిషి ఎలా ఎంచుకుంటాడో పుస్తకాలు చదివినవాళ్లు ఏవేవో చెబుతారు. నడి గడులు పట్టుకోవాలంటారు, పావులకు దారివ్వాలంటారు. అదంతా తర్వాత అతికించుకునే లైనింగు. క్లబ్బులో ఒక్క సాయంత్రం కూర్చుని చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఆటో నడిపేవాడొకడున్నాడు, ఎర్రదీపం దగ్గర ఆగలేనివాడు ఇక్కడా ఆగలేడు, మూడో ఎత్తుకే మంత్రిని రోడ్డు మీదికి తెస్తాడు. పళ్ల డాక్టరు తనకేది ఇష్టమో ఎన్నడూ ఆడడు. ఎదుటివాడికి ఏది చిరాకో వెతికి అదే ఆడతాడు. క్లబ్బు సెక్రటరీకి చిన్నప్పుడు వాళ్ల బాబాయి నేర్పిన ఓపెనింగ్ ఒకటుంది. దాంతో ఆయన గెలిచింది తక్కువ, కానీ మార్చమంటే బాబాయిని తిట్టినట్టు చూస్తాడు. ఎవడి బతుకు వాడి మొదటి నాలుగు ఎత్తుల్లో కనపడుతుంది. పాపం, వాడికి తప్ప అందరికీ కనపడుతుంది.

టైలర్‌ది గోడ. మంత్రి ముందున్న బంటును రెండు గడులు నడిపి, ఒంటెను బయట నిలబెట్టి, వెనక బంట్లను ఒకదానికొకటి ఆనించి కట్టుకుంటూ పోతాడు. ఎదుటివాడు ఏం చేసినా ఇతను కట్టేది అదే. ఏడో తరగతి మధ్యలో బడి మానిపించి కుట్టుపని నేర్చుకోవడానికి పెడితే, గురువు బట్ట వృథా అయినప్పుడల్లా చెక్క స్కేలుతో వీపు విమానం మోత మోగించేవాడు. సుద్దగీత గీయకుండా కత్తెర పెట్టకూడదని ఆ వీపుకు బాగా తెలుసు. గోడతోనే ఒకటో బల్లకు ఎక్కాడు. బజార్లో "ఏయ్ టైలరూ" అనే మనుషులు ఆ కుర్చీలో ఉన్నంతసేపూ "టైలర్ గారూ" అంటారు. ఆ 'గారు' కోసమే అతను వారమంతా బతికేది. ఈమధ్య గోడను చూసి జనం ఆవలించడం మొదలుపెట్టారు. తోడల్లుడైతే మొహం మీదే అన్నాడు, "తమ్ముడూ, నీ ఆట చూస్తుంటే సిమెంటు ఆరుతున్నట్టుంటుంది" అని. ఆ మాటకు ఉడుక్కునే కొత్తది తయారుచేశాడు. కుడిచేతి వైపు గుర్రాన్ని మొదటే బయటికి దూకించే ఓపెనింగ్. అది కాస్తా మొదటి ఆటలోనే బూడిదైంది.

"ఏం తమ్ముడూ, నా ప్యాంటు అయిందా?"

గుమ్మంలో గొంతు వినగానే టైలర్ వీపు బిగుసుకుంది. డ్రైవింగ్ మాస్టారు లోపలికొచ్చి, అడక్కుండానే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కిటికీ పక్కన చొక్కాకు కాజాలు కుడుతున్న టైలర్ భార్య తలెత్తింది.

"రండి బావా. అక్క బాగుందా?"

"మీ అక్కకేం, దివ్యంగా ఉంది. మొన్న మీ ఆయన్ని ఓడించిన దగ్గర్నుంచీ నన్ను కూడా మనిషిలా చూస్తోంది." స్టూలు మీదే ఇటు తిరిగి, "నడుం దగ్గర వదులు చెయ్యమన్నాను, గుర్తుందిగా? రేపు చాలాసేపు కూర్చోవాలి. ఆలోచించేది నువ్వే అనుకో, కానీ నువ్వు ఆలోచిస్తున్నంతసేపూ నేనూ కూర్చోవాలి గదా" అన్నాడు.

"పొట్ట తగ్గించుకుంటే వదులు చెయ్యక్కర్లేదు" అన్నాడు టైలర్, ప్యాంటును ఇస్త్రీ బల్ల మీంచి తీసి ఆయన ఒళ్లోకి విసురుతూ.

"తగ్గిద్దామనే ఉంది. గెలుపు ఒంటబట్టేసింది." ప్యాంటు నడుం రెండు చేతులతో సాగదీసి చూసుకున్నాడు. "బాగా కుట్టావ్. ఇదే నీ చేతికి తగ్గ పని. రేపేంటి మరి? మళ్లీ గోడేనా, లేకపోతే ఆ కొత్త ముచ్చటేనా?"

"రేపు చూస్తారుగా."

"నేను రేపటిదాకా ఆగక్కర్లేదులే."

టైలర్ కత్తెర బల్ల మీద పెట్టాడు. పెట్టిన చప్పుడుకు సుద్దముక్క ఎగిరి కింద పడింది.

"ఎవరు చెప్పారు మీకు?"

"ఏంటి?"

"మొదటి ఆట. నేను గుర్రంతో మొదలుపెడతానని ఎవరో చెప్పారు. చెప్పకపోతే ఆ జవాబులు అప్పటికప్పుడు నీ బుర్రలో పుట్టేవి కావు."

"నీ బుర్రలోనా! తోడల్లుడు కాస్తా నువ్వులోకి దిగాడు, విన్నావా మరదలా?" డ్రైవింగ్ మాస్టారుకు ముచ్చటేసినట్టుంది. "చూడు తమ్ముడూ, నా దగ్గరికి రోజూ జనం బండి నేర్చుకోవడానికి వస్తారు. కొందరు సీట్లో కూర్చోగానే అద్దంలో జుట్టు చూసుకుంటారు. కొందరు బ్రేకు మీద కాలు పెట్టాకే తాళం తిప్పుతారు. ఎవడెలా నడుపుతాడో బండి కదలకముందే నాకు తెలిసిపోతుంది. నువ్వు బ్రేకు బాపతు. నీ గోడ నువ్వు ఎంచుకున్నది కాదయ్యా. మీ గురువు స్కేలుతో కొట్టినప్పుడు నీ వీపు ఎంచుకుంది."

టైలర్ భార్య సూది ఆగింది. ఆ స్కేలు సంగతి ఆమె పెళ్లైన కొత్తలో విన్నది. బయట ఎవరికీ తెలియదని ఆమె మొగుడి నమ్మకం. తాగిన మత్తులో ఏదో పెళ్లి బస్సులో తనే తోడల్లుడికి చెప్పుకుని ఏడ్చిన సంగతి అతనికి గుర్తులేదు.

"మరి నీ ఓపెనింగ్ ఎవరు ఎంచుకున్నారు?" అన్నాడు టైలర్. మొహం నల్లబడింది.

"నాదా? రాజు ముందు బంటు రెండు గడులు. గేరు వేశామా, పోయామా. దాంట్లో ప్రతి సందూ నాకు తెలుసు. అందుకే నా మీద ఆ ఎత్తు వేసే మొనగాడు మన క్లబ్బులో ఇంతవరకూ లేడు. నా వీధిలోకొచ్చి నాకే దారి చెబుతాడా ఎవడైనా?" లేచి ప్యాంటు చంకలో పెట్టుకున్నాడు. "ఎవరు చెప్పారని గదా నీ బాధ. ఆగి ఉన్న బండిని చూసినా అది ఎటు వెళ్లబోతోందో చెప్పేస్తా నేను. ముందు చక్రాలు ఎటు తిరిగున్నాయో చూస్తే చాలు. లేదూ, ఎవరో చెప్పారనుకుంటేనే నీకు హాయిగా ఉంటుందంటే, అలాగే అనుకో. ఏం మరదలా?"

"మధ్యలో నన్ను లాగకండి బావా" అంది ఆమె, తల దించుకునే.

ఆయన నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. వీధి మలుపు దాకా ఆ నవ్వు వినపడింది. చక్రాల మాట టైలర్ చెవికెక్కలేదు. ఎక్కింది ఆ చివరిదొక్కటే. ఏం మరదలా. ఆ పిలుపులో ఏదో కులుకుందనిపించింది అతనికి. అనిపించాక ఇక ఆగుతుందా?

"ఎప్పుడు చెప్పావ్?"

"ఏంటి?"

"మీ అక్కకి. ఎప్పుడు చెప్పావ్?"

ఆమె దారం పళ్లతో తెంపింది. "మీకు మతి పోయింది."

"ఈ గదిలో నువ్వూ నేనూ తప్ప మూడో పురుగు లేదు. నేను గుర్రాన్ని దూకించడం చూసింది నువ్వొక్కదానివే."

"నాకు మీ ఆట రాదు."

"చూసింది చెప్పడానికి ఆట రావాలా? 'అక్కా, మా ఆయన ఈమధ్య గుర్రాలతో ఆడుకుంటున్నాడే' అంటే చాలదూ? అక్కడ అందుకునేవాడు అందుకుంటాడు."

"మా అక్కకి చెప్పుకోవాలంటే నా దగ్గర అంతకన్నా పెద్ద విషయాలున్నాయి" అంది ఆమె. "మొదలుపెడితే మీ గుర్రం వంతు వచ్చేసరికి మా అక్కకి ముసలితనం వస్తుంది."

"వెటకారం ఒకటి! నేనెక్కడ ఓడిపోతానా అని అందరూ కాచుక్కూర్చున్నారు. మీ ఇంట్లో నన్నెప్పుడు మనిషిగా చూశారు గనక? పెద్దల్లుడికి కుర్చీ, నాకు గుమ్మం దగ్గర స్టూలు. ఆ ఒక్క చోటే నాకూ ఒక కుర్చీ ఉంది. అది కూడా వాడికే పోవాలి. అంతేగా? అందుకే నన్ను పట్టిచ్చావ్. కట్టుకున్నవాణ్ణి వాళ్లకి పట్టిచ్చావ్!"

టైలర్ భార్య ఏడ్చే రకం కాదు. చొక్కా మడిచి పక్కన పెట్టింది. లేచి, బల్ల కింద గుడ్డముక్కల బుట్ట పక్కనున్న చెక్కపెట్టె తీసింది. కత్తిరించాల్సిన బట్టను ఒక్క లాగు లాగి అవతల పడేసి, ఆ బల్ల మీదే గడుల పలక పరిచి, తెల్లపావులు పేర్చసాగింది. తడుముకోలేదు. ఏనుగు, గుర్రం, ఒంటె, వరసగా పెట్టుకుంటూ పోయింది.

"రాదన్నావ్?" అన్నాడు టైలర్.

"ఆడటం రాదు. పెట్టడం రాదని ఎవరన్నారు? బట్ట పరచాల్సినప్పుడల్లా మీరు ఆడుతున్నదాన్ని తీసి, మళ్లీ ఉన్నది ఉన్నట్టు పెట్టకపోతే తిట్టేది ఎవర్ని? ఇటు చూడండి." రెండు గుర్రాలనూ ఎదుటి వైపు మొహం పెట్టి నిలబెట్టింది. "గోడ ఆడే రోజుల్లో మీ గుర్రాలు ఇలా ఉంటాయి. ఎప్పుడూ ఇంతే. పిల్లల్ని బళ్లో నిలబెట్టినట్టు." తర్వాత కుడివైపు గుర్రాన్ని రెండు వేళ్లతో పట్టుకుని కొంచెం లోపలికి, రాజు వైపుకు తిప్పింది. "ఇది కొత్తది మొదలుపెట్టిన దగ్గర్నుంచీ. పావులు సర్దగానే మీ చెయ్యి దీన్ని ఇలా తిప్పుతుంది. ఎటు దూకాలో అటు. మీకు తెలీదు. నేనొకసారి తిన్నగా పెడితే, మాట్లాడుతూ మాట్లాడుతూనే మళ్లీ తిప్పారు."

టైలర్ ఆ గుర్రాన్ని చూశాడు. మెడ వంచి, దూకబోయే గడికేసే చూస్తోంది.

ఇక్కడ క్లబ్బు పద్ధతొకటి చెప్పాలి. ముఖ్యమైన ఆట ఉంటే ముందురోజు సాయంత్రమే ఎవరి పావులు వాళ్లొచ్చి సర్దుకోవాలి. తెల్లపావులవాడు ముందు, నల్లపావులవాడు తర్వాత. సెక్రటరీ తలుపుకు తాళం వేస్తాడు, పొద్దున్న దాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఒకప్పుడు ఎవరో పగిలిన ఏనుగు కోసం పొద్దున్నే కొట్టుకుని, ఆట మధ్యాహ్నం దాకా మొదలుకాకపోతే పెట్టుకున్న పద్ధతి. మొదటి ఆటకు ముందురోజు టైలర్ సర్ది వెళ్లాక, తన పావులు సర్దడానికి వచ్చింది డ్రైవింగ్ మాస్టారు. తీరిగ్గా వచ్చి ఉంటాడు. తీరిగ్గా చూసి ఉంటాడు. ఆపైన ఇంటికెళ్లి, గుర్రం దూకితే ఏం చెయ్యాలో ఒక్కొక్కటే చూసుకోవడానికి సాయంత్రమంతా ఉంది.

ముందు చక్రాలు ఎటు తిరిగున్నాయో చూస్తే చాలు.

"అమ్మ దొంగా!" అన్నాడు టైలర్. అలా అంటూనే అతని మొహం విచ్చుకుంది. కుర్చీ మళ్లీ కళ్ల ముందు కనపడింది. "చూశాడన్నమాట. చక్రాలు! అదేనా వాడు కూసింది! ఉండు, రేపు చెబుతా వాడి సంగతి. ఇవాళ వెళ్లి ఈ గుర్రాన్ని ఇలాగే తిప్పి పెడతాను. వాడు సాయంత్రమంతా గుర్రాల వెంటపడి చస్తాడు. పొద్దున్నే నేను గోడ మొదలెడతాను. మొహం చూడాలి అప్పుడు!" చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "ఇది గనక ముందే ఏడ్చి ఉంటే మొదటి ఆట పోయేదే కాదు గదే! నోట్లో ఏం పెట్టుకున్నావ్ ఇన్నాళ్లూ?"

ఆమె కాసేపు అతన్నే చూస్తూ నిలబడింది. దర్జీ పనిలో కొలత తీసేటప్పుడు చూసే చూపు అది.

"అంతేనా?" అంది.

"ఇంకేంటి?"

"నన్నొక మాటన్నారు."

"ఏ మాట?... అబ్బ, కోపంలో ఏదో అన్నాలే. ముందీ ఆట సంగతి చూడనీ. ఆ ఒంటెను ఎటు తేవాలో..." అతని చేతులు అప్పుడే పావుల మీద ఉన్నాయి.

ఆమె వాకిట్లోకి వెళ్లి చెప్పులు వేసుకుంది. అది చప్పుడుతోనే తెలిసింది అతనికి.

"ఎక్కడికి?"

"మా అక్కింటికి."

పావు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగింది. "ఇప్పుడెందుకు?"

"పట్టిచ్చానని ఎలాగూ అనిపించుకున్నాను గదా" అంది ఆమె, గొంతు పెంచకుండానే. "ఊరికే పడ్డ మాట వృథా పోకూడదు. చొక్కా కాలరులో సూది అలాగే ఉంది. చూసుకుని తియ్యండి, గుచ్చుకోగలదు."

పిలుద్దామనుకున్నాడు. పిలిస్తే క్షమించమనాల్సి వస్తుంది. ఆ మాట అతని గొంతులో ఎన్నడూ దారి చేసుకోలేదు. కుట్టుమెషీను మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. ఆమె వీధి చివర తిరిగిపోయింది.

సాయంత్రం క్లబ్బు మెట్లెక్కాడు. గదిలో పైకప్పు పంకా కిర్రుమంటోంది. ఒకటో బల్ల మీద గడుల పలక, పక్కన పెట్టె, ఆ పక్కన చెరొకరి సమయం విడిగా కొలిచే ఆట గడియారం. సెక్రటరీ తాళంకప్ప చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. టైలర్ పావులన్నీ సర్దేశాడు, ఆ ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాన్నీ అరచేతిలో పెట్టుకుని కూర్చుండిపోయాడు.

ఆమె అక్కడ చెప్పకపోతే, గుర్రాన్ని తిప్పి పెట్టి గోడ కట్టాలి. చెప్పి ఉంటే? తిప్పి పెట్టింది దొంగవేషమని వాడికి తెలుస్తుంది. వాడు గోడకే సిద్ధమై వస్తాడు. అలాగని నిజంగానే గుర్రంతో వెళ్దామా అంటే, మొదటి ఆటలో దాని డొక్క చీరేశాడు, దానికి జవాబులన్నీ వాడి దగ్గర ఇప్పటికే ఉన్నాయి.

"టైలర్ గారూ, గుర్రానికి కొలతలు తీస్తున్నారా?" అన్నాడు సెక్రటరీ. "నాకు ఇంటిదగ్గర పనుందండీ."

చెప్పదు, అనుకున్నాడు టైలర్. ఇన్నేళ్లలో ఈ ఇంటి మాట ఒక్కటి గడప దాటించిన మనిషి కాదు. పస్తున్న రోజులు దాటించలేదు, తను తాగి చేసిన రభసలు దాటించలేదు. అది చెప్పదు. అలా అనుకున్నాక ఇంకొకటి తోచింది. ఈ సంగతి మధ్యాహ్నం కూడా తనకు తెలుసు. తెలిసే అన్నాడు ఆ మాట. ఎవరినో ఒకరిని అనాలి గనక, అనిపించుకుని పడి ఉండే మనిషి ఇంట్లో ఆమె ఒక్కతే గనక అన్నాడు.

గుర్రాన్ని గడిలో పెట్టి, మెడ రాజు వైపుకు తిప్పి, లేచాడు. మెట్లు దిగుతుంటే కింది నుంచి తోడల్లుడి చెప్పుల టపటప ఎక్కుతూ వచ్చింది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరికి తగిలించుకుని మరీ దాటారు. ఇంటికొచ్చి సగంలో ఉన్న కాజా తను పూర్తి చేద్దామని కూర్చుంటే, కాలరులో సూది వేలికి దిగింది.

పొద్దున్న క్లబ్బు నిండిపోయింది. ఆటో అతను కిటికీ ఎక్కి కూర్చున్నాడు. పళ్ల డాక్టరు చేతులు కట్టుకుని, ఎవరు ఓడినా తనకు ఆనందమే అన్నట్టు నిలబడ్డాడు. డ్రైవింగ్ మాస్టారు కొత్తగా వదులు చేసిన ప్యాంటులో వచ్చాడు. ఆయన వెనకాల భార్య. ఆమె పక్కన టైలర్ భార్య. ఇద్దరూ వెనక వరసలో, తోడల్లుడి వైపు కుర్చీల్లో కూర్చున్నారు. టైలర్ అటు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు, కానీ ఆ చూపులో అతనికి దొరికిందీ ఏమీ లేదు.

"పావులు ఎక్కడివక్కడే ఉన్నాయి, చూసుకోండి" అన్నాడు సెక్రటరీ. "టైలర్ గారు గెలిస్తే కుర్చీ ఆయనదే. ఓడితే ఇవాళే ఖాళీ చెయ్యాలి."

డ్రైవింగ్ మాస్టారు బల్ల మీదికి వంగి, తిరిగున్న గుర్రాన్ని ముద్దుగా చూశాడు. "పాపం, మెడ పట్టేసినట్టుంది దీనికి." తర్వాత టైలర్‌కి మాత్రమే వినపడేలా గొంతు తగ్గించాడు. "కానీ ఈసారి నేను చక్రాలు చూడలేదు తమ్ముడూ. డ్రైవర్ని చూశాను."

ఆ మాటకు అర్థం ఏంటి? ఆమె చెప్పిందా? ఉత్త బెదిరింపా? గోడకు సిద్ధమై వచ్చాడా? సెక్రటరీ గడియారం నొక్కేశాడు. టైలర్ వైపు ముల్లు కదిలింది.

గోడ తన వీపు ఎంచుకున్నది. గుర్రం వీడి ఎగతాళి ఎంచుకున్నది. రెండింట్లో ఏదీ తనది కాదు. ఈ వయసులో, ఇంతమంది ముందు, మొదటి ఎత్తు ఏం వెయ్యాలో తెలియని మనిషిలా కూర్చున్నాడు టైలర్. కూర్చుని ఎదుటి మొహం చూశాడు. ఎన్నేళ్లుగానో చూస్తున్న మొహం. నా మీద ఆ ఎత్తు వేసే మొనగాడు మన క్లబ్బులో ఇంతవరకూ లేడు. నిన్న ప్యాంటు సాగదీసుకుంటూ అన్న మాట అది. ఎవరూ వెయ్యలేదంటే, ఇంతవరకూ నల్లపావుల వైపు కూర్చుని దానికి జవాబు చెప్పాల్సిన అవసరమే వీడికి రాలేదన్నమాట. తన వీధే, కానీ ఎదురుగా ఇంకొకడి బండి వస్తే చూసిన అనుభవం లేదు. ఎప్పుడూ దూసుకుపోవడమే గాని పక్కకు తప్పుకోవడం తెలియదు వీడికి.

సుద్దగీత లేకుండా కత్తెర పెట్టడం ఎలా ఉంటుందో టైలర్‌కి మొదటిసారి తెలిసింది. చెయ్యి గుర్రాన్ని దాటింది, మంత్రి ముందున్న బంటునూ దాటింది. రాజు ముందున్న బంటును పట్టుకుని రెండు గడులు ముందుకు నెట్టి, గడియారం నొక్కాడు.

ఎవరో "ఓరి!" అన్నారు. డ్రైవింగ్ మాస్టారు జవాబు చెప్పడానికి అలవాటుగా చెయ్యెత్తాడు. ఆ చెయ్యి సగం దూరం వచ్చి ఆగింది. ఆగి, మెల్లగా వెనక్కి వెళ్లి ఒళ్లో పడింది. చెవుల దాకా ఎరుపెక్కాడు. బల్లకేసి చూడటం మానేసి కుర్చీలో గిర్రున వెనక్కి తిరిగాడు. నిన్న మధ్యాహ్నం టైలర్ తన భార్యను ఏ చూపు చూశాడో, అచ్చం అదే చూపు.

"ఏం మరదలా!" అన్నాడు, గదంతా వినపడేలా. "గోడ అన్నావే?"

సెక్రటరీ "మాటలొద్దండీ, ఆట..." అనబోయి ఊరుకున్నాడు. ముల్లు డ్రైవింగ్ మాస్టారు వైపు కదులుతోంది. ఎవరూ దాన్ని చూడటం లేదు. టైలర్ భార్య లేచి నిలబడింది. అక్క చెయ్యి పట్టి లాగితే విదిలించుకుంది.

"మొదటి ఆట సంగతి నేను చెప్పలేదు" అంది. బావతో కాదు, మొగుడితో. "ఇది మాత్రం చెప్పాను. ఇప్పుడనండి ఆ మాట."